డయలుమీది రంగు

వాన చినుకు కొరకు ఎదురుచూచు మన అనంతపురము మెట్టలో సముద్రపు గడియారముల మాట యేలయందురేమో. వినుడి.

నీట మునుగువారి కొరకు 1953 మొదలుకొని రోలెక్స్, బ్లాంక్‌పాన్ వంటి స్విస్ కంపెనీలు గడియారములు చేసెను. అట్టి పాతవాటిని నేడు కొందరు గొప్ప వెలయిచ్చి సేకరించుచున్నారు. వెలిసినను మొదటి డయలే యున్నచో వెల హెచ్చు. కొత్తరంగు పూసినదైనచో వెల తగ్గును.

బెంగుళూరులో గడియారములు బాగుచేయు మన సంఘపు పడుచువాడొకడు నన్నడిగెను: "అయ్యగారూ, రంగు వేయించి, ఆ మాట చెప్పకుండ అమ్మమని యజమాని అంటున్నాడు. బాగుచేయడం తప్పా?"

తప్పు కాదు. లోపలి రబ్బరు చుట్టు యేండ్లు గడువగా గట్టిపడి పగులును. డయలుమీద 200 మీటర్లని వ్రాసియున్నను నీరు చొచ్చును. దానిని మార్చుట ధర్మమే. రంగు వేయుటయు దోషము కాదు. వేసిన సంగతి దాచుటయే దోషము. కొనువాడు నమ్మి రూకలిచ్చునది మన మాటకు గదా!

వాడు నిజము చెప్పెను. బేరము తప్పెను, యజమాని కోపించెను. అయినను వాడు నెమ్మదిగా నిద్రించెను.

మనమును పైరంగు మాని, లోపలి చుట్టును పరీక్షించుకొందము. నీటిలో దిగిన దినమున ఆదుకొనునది అదియే.