పరకాయ స్వరము

గద్వాల నేతకారుడు నూలు చీరకు పట్టు అంచును, పట్టు కొంగును పోగుపోగునా పెనవేసి, అతుకు కానరాకుండ కలుపును; తెరమీది బొమ్మకు గాత్రదానము చేయు కళాకారుని పనియు అట్టి నేతయే.

2019లో తెలుగు పలికిన ‘ది లయన్ కింగ్’ చిత్రమున సింహరాజు ముఫాసాకు స్వరమిచ్చిన పి. రవిశంకర్, నటుడును గాత్రదాతయు నైన పి.జె. శర్మ కుమారుడు, నటుడు సాయికుమార్ సోదరుడు. 2009 నాటి ‘అరుంధతి’ చిత్రమున ప్రతినాయకుడు పశుపతి పాత్రకు ప్రాణము పోసిన ఆ ఘోరకంఠమే, పదేండ్ల పిదప, నక్షత్రములను చూపి కుమారునికి ధైర్యము చెప్పు తండ్రి వాత్సల్యమై ద్రవించినది. తండ్రి నుండి వృత్తిని వారసత్వముగా పొందిన కుమారుడు, తెరమీద తండ్రియై పలుకుట ఎంత ధన్యత!

మూసిన గదిలో, హెడ్‌ఫోన్లు ధరించి, పెదవి కదలికకు మాత్ర సరిచూచుకొనుచు, తన ముఖ మెవరికిని కనబడదని ఎరిగియు, గాత్రదాత నిజముగనే గద్గదకంఠుడు కావలెను. ఆ సింహము మాటకు ఊపిరి బిగపట్టిన పసిబిడ్డకు ఆయన పేరైనను తెలియదు.

సోదర సోదరీమణులారా! ఇకమీదట బిడ్డలతో బొమ్మల చిత్రము చూచినపుడు తుదివరకు కూర్చుండి, స్వరమిచ్చినవారి పేర్లు వారికి చదివి వినిపింపుడు.