తంగేడు బెరడులో వగరు

స్వామీ, ఆ బంగారు పూవును ఎన్ని బతుకమ్మల్లో చూశాను! పొద్దుటి మంచు ఆరకముందే గుట్టల మీద తంగేడు పసుపై పొంగుతుంది. ఆ పూల కిందున్న బెరడులో నువ్వు దాచిన వగరును మాత్రం చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. తంగేడు చెక్క, కరక్కాయ, సున్నం, నీళ్ళు, ఓపిక. ఈ కాసిన్నింటితోనే లంద గోలెం ముందు కూర్చున్న మాదిగ తాత పచ్చితోలును డప్పుగా మోగించాడు, మోట బానగా నీరు తోడించాడు, చెప్పులుగా ముళ్ళదారిన నడిపించాడు. ఊరు ముక్కు మూసుకుంది. నువ్వు మూసుకోలేదు.

ఆ గోలెం దగ్గరికే ఒక రైతుబిడ్డను పిలిచావు. తెనాలి దగ్గరి యలవర్రులో 1922 సెప్టెంబరు 10న పుట్టిన యలవర్తి నాయుడమ్మ. కాశీలో పారిశ్రామిక రసాయనశాస్త్రం చదివి, అమెరికాలోని లీహైలో పట్టా పుచ్చుకొని, తిరిగొచ్చి ఆయన ముట్టుకున్నది తోలును! ఆ చేతులకు ఆ ధైర్యం ఎక్కడిది, నీది కాకపోతే?

తోలు లోపల నువ్వు అల్లినది తలుచుకుంటే ఒళ్ళు పులకరిస్తుంది. పీచులో పీచు, ఆ పీచులో మరింత సన్నని పీచు, అన్నిటికీ అడుగున ఒకదానినొకటి చుట్టుకున్న మూడు పోగులు. అచ్చం అమ్మ అల్లిన మూడుపాయల జడ! మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా 1954లో కొల్లాజెన్‌లోని ఆ జడను లోకానికి చూపారు. అందుకు కావలసిన కంగారూ తోక స్నాయువు ఇరుగునే ఉన్న అడయారు తోళ్ళ పరిశోధనాలయం నుంచే వెళ్ళింది. ఆ పాయల నడుమకు తంగేడు వగరు మెల్లగా ఇంకుతుంది, పాయను పాయకు ముడివేస్తుంది, కుళ్ళవలసిన తోలు కుళ్ళకుండా నిలుస్తుంది. జడ అల్లినవాడివీ నువ్వే, ముడికి కావలసిన వగరును గుట్ట మీద పూయించినవాడివీ నువ్వే. ఆ రెంటినీ కలపడం చదువురాని తాతకు ఎవరు నేర్పారు స్వామీ?

1958లో నాయుడమ్మగారు ఆ పరిశోధనాలయానికి డైరెక్టరయ్యారు. 1971 నుంచి 1977 దాకా సి.ఎస్.ఐ.ఆర్. డైరెక్టర్ జనరల్‌గా దేశపు ప్రయోగశాలలు ఆయన పెద్దరికంలో నడిచాయి. తర్వాత జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలరూ అయ్యారు. పదవులను చకచకా దాటేస్తాను. నా మనసు కరీంనగర్ దగ్గర ఆగుతుంది. సి.ఎస్.ఐ.ఆర్. అంతటి పెద్ద సంస్థ ఆ జిల్లాను దత్తత తీసుకొని, మీకేం కావాలని పల్లెను అడగడానికి బయల్దేరింది. ఏ దేశానికి ఏ శాస్త్రం అవసరమో తేల్చే విద్యను పెద్దలు శాస్త్ర విధానమంటారు. నాకది కరువునేల మీద చినుకులా వినబడుతుంది. గోలెం పక్కన వంగిన వెన్నునే ఆయన ఢిల్లీలోనూ వంచారు, పేదవాడి మాట వినడానికి.

1985 జూన్ 23. కెనడా నుంచి వస్తున్న కనిష్క విమానం ఐర్లాండు తీరానికి ఆవల అట్లాంటిక్ మీద పేలిపోయింది. 329 మంది. వారిలో ఆయన. ఎందుకని అడగలేను స్వామీ, నోరు రాదు. ఆ చల్లని నీళ్ళలో ఆయన చేతులను నీ చేతుల్లోకి తీసుకున్నావని మాత్రం నమ్ముతాను.

కరీంనగర్ గుట్టల మీద ఈ ఏడూ తంగేడు పూసింది. పిల్లలు ఒడినిండా కోసుకొని దిగుతున్నారు.