గొర్రు తోలిన మనసు

మొన్న మా అమ్మాయి ఊరినుంచి వస్తూనే సంచీ కుర్చీలో పడేసి, "అబ్బ! హారోయింగ్ ఎక్స్‌పీరియన్సమ్మా!" అంది. ఏం జరిగిందోనని నా గుండె గుభేలుమంది. తీరా చూస్తే రైలు నాలుగు గంటలు ఆలస్యం, పైన ఫ్యాను తిరగలేదు. అంతే!

నవ్వేశాను గానీ ఆ మాట నన్ను వదల్లేదు. ఇంగ్లీషులో హారో అంటే ఏమిటనుకున్నారు? మన గొర్రులాంటిదే. దున్నిన చేలో మట్టిగడ్డలు చిదపడానికి తోలే ఇనుపపళ్ళ పనిముట్టు. ఆ పళ్ళు మనసు మీదుగా నడిచిపోతే, అదీ హారోయింగ్! షేక్‌స్పియర్ 'హామ్లెట్'లో తండ్రి ప్రేతాత్మ కొడుకు దగ్గర ఈ మాటే వాడుతుంది. కానీ తను పడుతున్న యాతన మాత్రం చెప్పదు. చెప్పడానికి తనకి అనుమతి లేదంటుంది.

బి.ఏ.లో ఆ నాటకం పరీక్ష కోసం చదివాను. అర్థమైంది మాత్రం మా వంటింట్లోనే.

మా ఇంట్లో వంటకి సాయం చేసే పెద్దావిడది దివిసీమ. ఒకసారి, "మీవాళ్ళెవరూ లేరా?" అనడిగితే, "చిన్నప్పుడు నీళ్ళు కాస్త ఎక్కువొచ్చాయమ్మా" అని వంకాయలు తరుగుతూ ఉండిపోయింది. ఏ కాలవో పొంగి ఉంటుందనుకున్నాను. ఆ నీళ్ళు 1977 నవంబరు 19 నాటి ఉప్పెన అనీ, వేలమందితో పాటు ఆవిడ అమ్మానాన్నా, తమ్ముళ్ళూ అందులోనే పోయారనీ ఎన్నో ఏళ్ళకి వాళ్ళ చుట్టం ఒకావిడ వచ్చి చెబితే తెలిసింది.

మా అమ్మాయిది తప్పనను. మనం మాత్రం తక్కువ తిన్నామా? పంపు రాకపోతే "నరకం చూశాను", కరెంటు పోతే "చచ్చిపోయాను" అంటాం. ఉక్కపోతా బాధే. ఒకరి కష్టాన్ని తక్కెట్లో వేసి, "నీది చిన్నది, ఊరుకో" అనే హక్కు ఎవరికీ లేదు. నా భయం వేరు. పెద్దమాటలకి అలవాటుపడ్డ చెవికి చిన్నమాటలు వినపడవు. ఆవిడ "కాస్త" అంటే నేను కాస్తే అనుకున్నాను, చూశారూ, అదీ!

ఆ సాయంత్రం మా అమ్మాయి తన రైలు కథంతా ఆవిడకీ చెప్పుకుంది. ఆవిడ చేతిలో పని ఆపి మరీ విన్నది. "అయ్యో తల్లీ, ఎంత అల్లాడిపోయావో!" అంటూ గ్లాసుడు మజ్జిగ కలిపి తెచ్చింది.

నేనే, తలెత్తి ఆవిడ మొహంలోకి చూడలేకపోయాను.