ఆస్పత్రిలో యువజన కార్యకర్త

యువజన కార్యకర్త అనగానే మనలో చాలామందికి జెండా, సభ, కరపత్రాల కట్ట గుర్తుకు వస్తాయి. ఇంగ్లండులో ఆ మాటకు ఇంకొక అర్థం కూడా ఉంది. అక్కడి కొన్ని పిల్లల ఆస్పత్రులలో డాక్టరూ నర్సూ కాక ఈ పేరుతో ఒక ఉద్యోగి ఉంటాడు. మందివ్వడు, సూది వెయ్యడు, పాఠం చెప్పడు. పసితనం దాటిన రోగుల మంచం దగ్గరికి పోయి, తానెవరో చెప్పి, మాట్లాడాలని ఉందా అని అడుగుతాడు. లేదంటే వెళ్లిపోతాడు.

ఈ సంగతి ఒక మిత్రుడితో చెబితే ఆయన నవ్వాడు. "మంచానికి ఇద్దరు పిల్లల్ని పడుకోబెట్టే దేశంలో కబుర్లు చెప్పడానికి జీతగాడా?" అన్నాడు. ప్రశ్న న్యాయమైనదే. అయితే జవాబు చెప్పేముందు ఈ మనిషి ఎక్కడినుంచి వచ్చాడో చూడాలి.

రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన తరువాత కూడా బ్రిటిష్ ఆస్పత్రులలో చాలాచోట్ల తల్లిదండ్రులకు వారానికి ఒకటి రెండు గంటలకు మించి పిల్లల్ని చూసే అవకాశం ఉండేది కాదు. తల్లి వచ్చి వెళితే పిల్ల ఏడుస్తుంది, రాకపోతే కొద్దిరోజులకు ఊరుకుంటుంది, కనుక రాకపోవడమే మేలు అని వైద్యులు వాదించేవారు. జేమ్స్ రాబర్ట్‌సన్ ఈ వాదాన్ని నమ్మలేదు. ఆయన యుద్ధకాలంలో ఆనా ఫ్రాయిడ్ లండనులో నడిపిన శిశుగృహంలో బాయిలరు దగ్గర పనిచేసి, తరువాత సాంఘిక సేవలోకి వచ్చినవాడు. ఒక రెండేళ్ల పిల్ల ఆస్పత్రిలో గడిపిన ఎనిమిది రోజులను ఆయన ఫిల్ము తీసి 1952లో చూపించాడు. ఆ పిల్ల పెద్దగా గోల చెయ్యదు. దుఃఖాన్ని మింగుకుని కూర్చుంటుంది. వైద్యులకు కోపం వచ్చింది. అయినా ఏడేళ్లకు, 1959లో, ప్లాట్ కమిటీ తల్లిదండ్రులకు వార్డు తలుపులు తెరవమని నివేదిక ఇచ్చింది. మరుసటి సంవత్సరం ఆల్బమార్ల్ కమిటీ నివేదికతో ఇంగ్లండు, వేల్సులలో యువజన సేవకు ప్రభుత్వపు అండ గట్టిగా దొరికింది. ఆ సేవకు మూలసూత్రం ఒకటే: వచ్చేవాడు తన ఇష్టంతో వస్తాడు, ఇష్టం లేకపోతే పోతాడు. ఆస్పత్రిలోని కార్యకర్త ఈ సూత్రాన్ని, పోయే వీలులేనివాడి మంచం దగ్గరికి తీసుకుపోయాడు.

రాబర్ట్‌సన్ చూపించినది పసిపిల్ల సంగతి. పదిహేనేళ్లవాడు కూడా ఊరుకుంటాడు. వాణ్ణి మనం బుద్ధిమంతుడైన రోగి అంటాం.

ఊరుకోవడానికి ఎంత ఖరీదు చెల్లించవలసి వస్తుందో తెలియాలంటే మూత్రపిండాల మార్పిడి జరిగిన పిల్లల్ని చూడాలి. 2012లో ఆక్స్‌ఫర్డ్ వైద్యులు తమ అనుభవాన్ని బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించారు. పిల్లల ఆస్పత్రినుంచి నేరుగా పెద్దల ఆస్పత్రికి బదిలీ అయిన 9 మందిలో 6 గురికి మార్పిడి చేసిన కిడ్నీ పోయింది. 2006లో పద్ధతి మార్చారు. పిల్లల డాక్టరూ పెద్దల డాక్టరూ కలిసి చూశారు, క్లినిక్కును ఆస్పత్రి బయటికి తెచ్చారు, ఒక యీడువాళ్లు ఒకరినొకరు కలుసుకునే ఏర్పాటు చేశారు, యువజన కార్యకర్తను పెట్టారు. ఆ దారిన వచ్చిన 12 మందిలో ఎవరి కిడ్నీ పోలేదు. లెక్క చిన్నది, ఫలితంలో కార్యకర్త వాటా ఎంతో విడదీసి చెప్పడానికీ లేదు. కాని ఆ వయసులో కిడ్నీలు పోవడానికి ఒక ముఖ్యకారణం మందులు మానెయ్యడమేనని వైద్యులందరికీ తెలుసు. ఎందుకు మానేస్తారు? నిర్లక్ష్యం అంటాం మనం. స్టెరాయిడ్లతో ముఖం ఉబ్బుతుంది, మొటిమలు లేస్తాయి. సైక్లోస్పోరిన్ వాడితే ఆడపిల్లకు ముఖం మీద వెంట్రుకలు రావచ్చు. అద్దంలో కనిపించే ఆ ముఖంతో రేపు క్లాసుకు వెళ్లవలసింది ఆ పిల్లే.

మా కళాశాలలో చదివిన ఒక అమ్మాయికి తల్లి కిడ్నీ ఇచ్చింది. మన దేశంలో బతికుండి కిడ్నీ ఇచ్చేవారే ఎక్కువ, వారిలో ఆడవాళ్లే ఎక్కువ. నేను చూడబోయిన రోజున డాక్టరు తండ్రితో మాట్లాడాడు, తండ్రి మేనమామతో మాట్లాడాడు. వచ్చిన చుట్టాలంతా "మీ అమ్మ రుణం ఏ జన్మకీ తీరదు తల్లీ" అని చెప్పిపోయారు. ఆ అమ్మాయి తల ఊపింది. కొన్నేళ్ల తరువాత, ఆ రోజుల్లో ఒక నెలపాటు మాత్రలు చెత్తబుట్టలో వేశానని తనే నాకు చెప్పింది. "అమ్మ నా కడుపులో కూర్చుని నన్నే చూస్తున్నట్టుండేది మాస్టారూ" అన్నది. అదృష్టం బాగుండి రక్తపరీక్షలో సంగతి బయటపడింది.

ఆమె ఎవరితో చెప్పుకోగలదు? తల్లితో చెబితే ఆమె ఇచ్చిన అవయవాన్ని విసిరికొట్టినట్టే. తండ్రి అప్పులపాలైనాడు. డాక్టరు ప్రాణదాత. ఉపాధ్యాయుడు హాజరు సర్దినవాడు. ఆమె చుట్టూ ఉన్నవాళ్లందరూ ప్రేమ గలవాళ్లే, కాని అందరూ అప్పిచ్చినవాళ్లు. తాను బాకీ పడని మనిషి, పొమ్మంటే పోయే మనిషి ఒక్కడైనా ఉంటే నోరు తెరిచి ఉండేదని నా నమ్మకం. ఆస్పత్రిలో రోగి మరెవరినీ పొమ్మనలేడు. ఆ ఉద్యోగి పని కబుర్లతో మొదలు కావచ్చు, కాని అతని విలువంతా, వద్దంటే వెళ్లిపోవడంలోనే ఉంది.

ఇక్కడే అసలు చిక్కు వస్తుంది. ఆ అమ్మాయి ఆ మాట కార్యకర్తతో చెప్పిందనుకోండి. అతను డాక్టరుకు చెప్పాలా? చెబితే వేగులవాడు. చెప్పకపోతే కిడ్నీ పోతుంది. బ్రిటిష్ కార్యకర్తలు మొదటిరోజే షరతు చెప్పేస్తారు: నీవు చెప్పినది నా దగ్గరే ఉంటుంది, నీకు గాని మరొకరికి గాని పెద్ద హాని జరిగేటట్టుంటే తప్ప. ఇది గుమాస్తా జాగ్రత్త అని కొందరు విమర్శిస్తారు. నేను ఒప్పుకోను. హద్దు ముందే తెలిసినప్పుడు ఎంతవరకు చెప్పాలో నిర్ణయించుకునేది రోగి. దొంగచాటుగా చెబితేనే ద్రోహం. అనుభవజ్ఞుడైన కార్యకర్త డాక్టరు దగ్గరికి తను పరిగెత్తడు. ఆ అమ్మాయి తన నోటితో చెప్పేదాకా పక్కన కూర్చుంటాడు, ఈ మందుకు బదులు మరొకటి ఉందా అని ఆమే అడిగేటట్టు చేస్తాడు. దానికి గడువు ఎంత? రెండు రోజులా, వారమా? ఇది సూత్రాలతో తేలదు, రక్తపరీక్ష అంకెను బట్టి తేలవలసిందే.

చట్టం ఈ విషయంలో మనకు పెద్దగా సాయం చెయ్యదు. 1985లో గిలిక్ కేసులో ఇంగ్లండు ప్రభువుల సభ, సంగతి పూర్తిగా అర్థం చేసుకోగల పిల్ల 16 ఏళ్ల లోపుదైనా వైద్యానికి తనే సమ్మతి ఇవ్వవచ్చునన్నది. 1992లో, భోజనం మానేసిన 16 ఏళ్ల అమ్మాయి చికిత్స వద్దంటే, కోర్టు ఆమె మాటను తోసిపుచ్చవచ్చునని అప్పీలు కోర్టు తేల్చింది. ఒప్పుకుంటే పెద్దది, వద్దంటే చిన్నది. ఆ అమ్మాయి చావకుండా చూడడం తప్పని నేననను. కాని వద్దనడానికి వీలులేని చోట ఒప్పుకోవడానికి ఎంత విలువ ఉంటుంది? మన దగ్గర చాలా ప్రభుత్వ ఆస్పత్రులలో పిల్లల వార్డు 12 ఏళ్లతో ముగుస్తుంది. 13 ఏళ్లవాడు ముసలివాళ్ల పక్కన పడుకుంటాడు. సంతకం మాత్రం 18 దాకా తండ్రి పెడతాడు.

ఇక మిత్రుడి ప్రశ్న. ముందు మంచాలు, తరువాత మాటలు అన్నాడు. ముందు ఉత్పత్తి పెరగనీయండి, కూలి సంగతి తరువాత చూద్దాం అనే యజమాని మాట కూడా ఇలాగే ఉంటుంది. మంచం కోసం పోరాడవలసిందే. దానికోసం పిల్లవాడి నోరు వాయిదా వెయ్యనక్కర లేదు. పోయిన కిడ్నీకి డయాలిసిస్ ఖర్చు కార్యకర్త జీతాన్ని మించుతుందనే వాదం కూడా ఉంది, నిజమే కావచ్చు. అయితే అది ఖజానావాడి వాదం, రేపు లెక్క తిరగబడితే కార్యకర్తను తీసెయ్యడానికీ అదే పనికి వస్తుంది. ఇంగ్లండులోనే చూడండి: 2010 తరువాత స్థానిక సంస్థలు యువజన సేవలకు చేసే ఖర్చు సగానికి పైగా పడిపోయింది, ఎన్నో యువజన కేంద్రాలు మూతపడ్డాయి.

మనకు 2014లో జాతీయ కిశోర ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. 10 నుంచి 19 ఏళ్లవారికోసం క్లినిక్కులు, గ్రామాలలో తోటి వయసు బోధకులు అందులో ఉన్నారు. వార్డులో మంచం మీద ఉన్నవాడి దగ్గరికి వచ్చేది మాత్రం నాయకుల పుట్టినరోజునాడు రొట్టెలు, పళ్లు పంచేవాళ్లు. ఫొటో తీసేదాకా ఆ పిల్లవాడు రొట్టె పట్టుకుని ఉండాలి. వద్దంటే పొగరు అంటారు.

మన విద్యార్థి సంఘాలవాళ్లు ఈ పనికి పూనుకుంటామంటే నాకు సంతోషమే. కొంత శిక్షణ కావాలి, ఒకే మనిషి వారం వారం రావాలి, సూపరింటెండెంటు చెప్పుచేతల్లో ఉండకూడదు. కరపత్రాలు గేటు దగ్గరే వదిలి రావాలి. సభలో నచ్చకపోతే లేచిపోవచ్చు, చేతికి సెలైను ఎక్కుతున్నవాడు లేచిపోలేడు.