తొట్టెలోని పసివారిని కాపాడుదము

ధ్యానభాగములు: నిర్గమకాండము 1:15–21, యెహెజ్కేలు 16:4–6, యెషయా 65:20





చిన్న పెట్టెను ఒక్కరే చేతులలో ఎత్తుకొని సమాధుల తోటకు నడచిన దినములు బరంపురములోను, గంజాం పల్లెలలోను ఉన్న మన పెద్దలు మరువలేదు. అట్టి ఇంటికి పోయినప్పుడు యోబు పలికిన మాట చెప్పి, ప్రార్థించి వచ్చితిమి. ఆ మాట సత్యమే. అయితే యోబు దానిని తన దుఃఖములో తానే పలికెను. మేమైతే తల్లి కన్నీరు ఆరకమునుపే ఆమెకు చెప్పితిమి. ఆ బిడ్డ ఏల చనిపోయెనని మాత్రము అడుగలేదు. ఈ విషయములో మేము మొదట మమ్మును పరీక్షించుకొనుచున్నాము.

ఐగుప్తులో మంత్రసానులైన షిఫ్రా, పూయా దేవునికి భయపడి మగపిల్లలను బ్రదుకనిచ్చిరి. వారి భక్తి పురిటి గదిలో కనబడెను. యెహెజ్కేలు గ్రంథములో పొలములో పారవేయబడిన శిశువును చూడుడి. బొడ్డు కోయువారు లేరు, కడుగువారు లేరు, గుడ్డ చుట్టువారు లేరు, జాలిపడువారు లేరు. ఉప్పు రుద్దుట ఆనాటి ఆచారము. నేడు అది వద్దు, మొదటి దినమున స్నానమును వద్దని వైద్యులు చెప్పుదురు. అయితే శుభ్రమైన పనిముట్టుతో బొడ్డు కోయుట, వెచ్చగా కప్పుట, గంటలోపుగా ముర్రుపాలు పట్టుట, బరువు తక్కువైన శిశువును తల్లి రొమ్మునకు హత్తుకొని యుంచుట నేటికిని ప్రాణము నిలుపును. ముర్రుపాలు పిండి పారబోయు అలవాటు మన ఇండ్లలో ఇంకను ఉన్నయెడల దానిని విడిచిపెట్టుదము.

ఒడిశాలో పుట్టిన ప్రతి వెయ్యిమంది శిశువులలో 2005లో 75 మంది ఏడాది నిండకమునుపే చనిపోయిరి. 2020 నాటికి ఆ సంఖ్య 36 ఆయెను. ఆ యేడే కేరళలో అది 6 మాత్రమే. దేవుడు కేరళ బిడ్డలను ఎక్కువగా ప్రేమించెనా? కాదు. అక్కడ తల్లులు చదువుకొనిరి, ఆసుపత్రి దగ్గరనున్నది, ఆడపిల్లకు త్వరపడి పెండ్లి చేయరు. మన రాష్ట్రములోను 2005లో వచ్చిన జననీ సురక్షా యోజన, ఇల్లిల్లు తిరుగు ఆశా కార్యకర్తలు, 2011లో ఆరంభమైన మమత పథకము తల్లులను ఆసుపత్రి కాన్పునకు నడిపించినవి. 1962లో స్థాపింపబడిన మన బరంపురము వైద్య కళాశాలకు దక్షిణ ఒడిశా అంతటినుండి రోగులు వచ్చుచున్నారు.

2022 జనవరిలో గంజాం జిల్లా బాల్యవివాహములు లేని జిల్లాగా ప్రకటింపబడెను. ఇది సంఘమునకు సంతోషము, హెచ్చరిక కూడ. ఎముక ముదరని పిల్ల గర్భవతియైనయెడల తల్లికిని బిడ్డకును అపాయము. పదునెనిమిది నిండని పిల్ల పెండ్లికి ఏ పాస్టరుగారును ప్రార్థన చేయకుండునుగాక. సంబంధము మంచిదని పెద్దలు బ్రతిమాలినను మెత్తబడకుడి.

పనికై సూరతు మొదలగు ఊళ్లకు పోవు కుటుంబములకు ఒక మాట. గర్భిణి కార్డు, టీకాల కార్డు బైబిలుతోపాటు పెట్టెలో పెట్టుకొనుడి. ఊరు మారినప్పుడే టీకాలు తప్పును. చేరిన వారములోనే అక్కడి అంగన్‌వాడీలో పేరు వ్రాయించుడి. సంఘ స్త్రీల సమాజమువారు ప్రతి గర్భిణిని నెలకొకసారి దర్శించి, ఆహారము, రక్తహీనత, దోమతెర విషయము విచారింపవలెను. కాన్పు రాత్రి ఆటోకు పైకము లేక ఏ ఇల్లును ఆగిపోకుండ కానుకలలో కొంత ప్రత్యేకించుదము.

కొద్ది దినములే బ్రదుకు శిశువు ఉండని పట్టణమును యెషయా చూచెను. ఆ పట్టణమును కట్టువాడు దేవుడే. అయితే ఆ దినము కొరకు కనిపెట్టు మనము చేతులు ముడుచుకొని కూర్చుండ తగునా? ఈసారి పురిటి ఇంటికి బిడ్డ బ్రదికియుండగానే పోవుదము.

ప్రభువు మన తొట్టెలను ఆశీర్వదించునుగాక. ఆమేన్.