ఏకాభిప్రాయమూ ఏకమనస్సూ ఒకటేనా?

మన అభిప్రాయాలతో ఏకీభవించేవారితోనే కూర్చుని సాయంత్రాలు గడపటం మంచిదా, కాదా? చూడటానికి ఇది చిన్న ప్రశ్న. "ఇందులో తప్పేముంది?" అని మీరు వెంటనే అనవచ్చు. కాని నిదానించి ఆలోచిస్తే, మనిషి ఎవరిని ప్రేమించగలడు, ఎంతవరకు ప్రేమించగలడు అనే పెద్ద ప్రశ్న దీని వెనుక ఉంది. ఒక ఉదాహరణతో మొదలుపెడదాం. అది అమెరికా దేశపు సంగతి. మీలో అనేకుల కొడుకులు, కూతుళ్లు అక్కడ చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు కనుక మీకు మరీ దూరపు సంగతి కాదు.

2003లో అమెరికా ఇరాక్‌పై యుద్ధానికి దిగింది. ఆ సంవత్సరమే న్యూయార్క్ నగరంలో కొందరు యువకులు ఒక బారులో క్రమం తప్పకుండా కలుసుకోవటం ప్రారంభించారు. ఆ కూటానికి 'డ్రింకింగ్ లిబరల్లీ' అని పేరు పెట్టారు. పేరులోనే చమత్కారం ఉంది. 'లిబరల్' అంటే అభ్యుదయ భావాలు గలవాడని ఒక అర్థం. 'లిబరల్లీ' అంటే ధారాళంగా అని మరో అర్థం. అక్కడ ఉపన్యాసాలు లేవు, తీర్మానాలు లేవు. అభ్యుదయ రాజకీయ భావాలు గలవారు ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. యుద్ధం గురించి, ఎన్నికల గురించి తోచింది మాట్లాడుకోవచ్చు. కొద్ది సంవత్సరాలలోనే ఇటువంటి కూటాలు ఆ దేశంలోని అనేక నగరాలకు వ్యాపించాయి.

"బారులోనా!" అని మీరు నొసలు చిట్లించవచ్చు. తాగుడు ఎన్ని సంసారాలను కూల్చిందో ఎరిగినవారికి ఆ జంకు సహజమే. దాని గురించి మాట్లాడవలసింది చాలా ఉంది. అయితే ఈ వారం మనం గ్లాసులో ఏముందన్నది పక్కనపెట్టి, బల్ల చుట్టూ ఎవరున్నారన్నది చూద్దాం.

ముందుగా మంచిని ఒప్పుకోవాలి. రాబర్ట్ పట్నం అనే అమెరికన్ ఆచార్యుడు 2000లో 'బౌలింగ్ అలోన్' అనే గ్రంథం ప్రచురించాడు. ఆ దేశంలో సంఘాలు, క్లబ్బులు, ఇరుగుపొరుగు రాకపోకలు కొన్ని దశాబ్దాలుగా ఎలా తగ్గిపోతూ వచ్చాయో అందులో లెక్కలతో చూపాడు. ఆఫీసులో మనసులోని మాట చెప్పలేక, ఇంటికి వస్తే టీవీ తప్ప తోడు లేక ఉన్న మనిషికి, తనలాగే ఆలోచించే నలుగురు కనపడితే ఎంత ఊరట! ఊరట కోరుకోవటం పాపం కాదు. అదే పట్నం మనుషుల మధ్య బంధాలు రెండు రకాలని వివరించాడు. ఒకే గూటి పక్షులను మరింత దగ్గర చేసే బంధం ఒకటి. వేర్వేరు గూళ్ల మధ్య వంతెన వేసే బంధం రెండవది. సమాజానికి రెండూ కావాలి. మొదటిది ఒక్కటే మిగిలితే ఏమవుతుంది?

2005లో కొలరాడో రాష్ట్రంలో జరిగిన ఒక ప్రయోగం దీనికి జవాబిస్తుంది. సుమారు 60 మంది సామాన్య పౌరులను చిన్న చిన్న జట్లుగా కూర్చోబెట్టారు. అభ్యుదయవాదులు ఎక్కువగా ఉండే బౌల్డర్ పట్టణం వారిని వేరుగా, సంప్రదాయవాదులు ఎక్కువగా ఉండే కొలరాడో స్ప్రింగ్స్ వారిని వేరుగా ఉంచారు. భూతాపం మొదలైన మూడు వివాదాస్పద విషయాలు ఇచ్చి చర్చించమన్నారు. చర్చకు ముందూ తరువాతా ఒక్కొక్కరి అభిప్రాయాన్ని రహస్యంగా రాయించుకున్నారు. తేలిందేమిటి? చర్చ తరువాత అభ్యుదయవాదులు మరింత ఆ కొసకు, సంప్రదాయవాదులు మరింత ఈ కొసకు జరిగారు. జట్టు లోపల మొదట ఉన్న చిన్న చిన్న భేదాలు కూడా తగ్గిపోయాయి. ఎవరూ ఎవరినీ బలవంతపెట్టలేదు. తలలూపేవారి మధ్య కూర్చోవటమే చాలింది! కనుక ఇది అవతలి పక్షం వారి జబ్బు అని ఏ పక్షం వారూ సంతోషించనవసరం లేదు.

ఇక్కడ మనకు పాత గురువులు తోడ్పడతారు. అరిస్టాటిల్ తన నీతిశాస్త్రంలో స్నేహం మూడు విధాలన్నాడు: ప్రయోజనం కోసం చేసేది, సంతోషం కోసం చేసేది, ఎదుటివాని మంచితనాన్ని బట్టి అతని మేలు కోరి చేసేది. మొదటి రెండు, కారణం పోగానే పోతాయి. అభిప్రాయాలు కలవటం వల్ల పుట్టిన స్నేహానికీ ఇదే పరీక్ష. రేపు ఆ బల్ల దగ్గర ఒకడు ఒక్క విషయంలో మనసు మార్చుకున్నాడనుకోండి. అతని కుర్చీ అక్కడే ఉంటుందా? ఉంటే అది స్నేహం. తీసేస్తే అది పక్షం మాత్రమే.

పునీత అక్వినాసు తోమా దీనిని మరింత స్పష్టం చేశాడు. సమాధానమంటే సంకల్పాలు కలవటమే గాని అభిప్రాయాలన్నీ ఒకటి కావటం కాదనీ, దైవప్రేమ గలవారి మధ్య కూడా అభిప్రాయభేదాలు ఉండవచ్చనీ ఆయన బోధ. మన ఇళ్లలోనే చూడండి. జబ్బుపడిన తల్లిని ఏ ఆస్పత్రికి తీసుకెళ్లాలని అన్నదమ్ములు వాదించుకుంటారు. అభిప్రాయాలు రెండు, కోరిక ఒక్కటే, అమ్మ బతకాలి. అది ఏకమనస్సు. పొరుగువాని గట్టు జరపాలని ఇద్దరు ఒక్క మాట మీద నిలబడతారు. ఒకరి మేలు ఒకరికి పట్టదు. అది ఏకాభిప్రాయం.

"అయితే ఫాదర్, అన్యాయాన్ని సమర్థించేవాడితో కూడా నవ్వుతూ కూర్చోమంటారా?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కూలివాని కూలి, బడుగువాని గౌరవం కేవలం అభిప్రాయాలు కావు. అక్కడ తప్పును తప్పనే చెప్పాలి, గట్టిగా చెప్పాలి. కాని తప్పును కాదనటం వేరు, మనిషిని కాదనటం వేరు. స్నేహితుని పిల్లలు మనలను నొప్పించినా స్నేహితుని ముఖం చూసి వారిని ప్రేమిస్తాం గదా, అలాగే దేవుని కోసం శత్రువును కూడా ప్రేమించగలమని అదే తోమా అంటాడు.

క్రీస్తు ప్రభువు పన్నెండుమందిని ఎన్నుకున్నప్పుడు అందులో మత్తయి ఉన్నాడు, సీమోను ఉన్నాడు. మత్తయి పాలకుల పక్షాన పన్ను వసూలు చేసిన సుంకరి. సీమోనుకు ఉన్న బిరుదును బట్టి ఆయన పరాయి పాలనను సహించని పక్షం వాడని చాలామంది తలుస్తారు. అదే నిజమైతే, వెలుపల ఎదురుపడితే ఒకరి ముఖం ఒకరు చూడని ఇద్దరు ఒకే రొట్టెను పంచుకున్నారన్నమాట.

న్యూయార్క్‌లోనే దీనికి మరో పాఠం ఉంది. 1933 మే 1న డొరొతీ డే, పీటర్ మోరిన్ అక్కడ 'కాథలిక్ వర్కర్' పత్రికను ప్రారంభించారు. పనివారూ పండితులూ కలిసి కూర్చుని మాట్లాడుకోవాలన్నది మోరిన్ ఆశయం. శుక్రవారం రాత్రుల్లో చర్చలు జరిగేవి. ఆ ఉద్యమం నడిపిన ఇళ్లలో ఆకలిగొన్నవారికి సూపు, రొట్టె, నిలువనీడ లేనివారికి పడక దొరికేవి. ఎవరి గురించి మాట్లాడుతున్నారో వారు ఆ ఇంట్లోనే ఉన్నారు! పేదల గురించి పేదలు లేని చోట ఎంత మాట్లాడుకున్నా, ఆ మాటలకు ఎదురుచెప్పేవారు ఉండరు.

కూటాలు మన శ్రీసభలోనూ ఉన్నాయి. 1981లో షికాగో అగ్రమేత్రాసనంలో యువత కోసం 'థియాలజీ ఆన్ ట్యాప్' అనే కూటాలు మొదలయ్యాయి. మన విచారణలలో యువజన సంఘాలు, భక్తసంఘాలు ఉన్నాయి. అన్నిటికీ మూడు ప్రశ్నలు పనికివస్తాయి. ఈ బల్ల దగ్గర ఎవరు లేరు? మాతో విభేదించినవాడు వచ్చే వారం కూడా రాగలడా? ఇక్కడినుంచి లేచి వెళ్లేటప్పుడు, మాతో ఏకీభవించని అన్నతో, మామగారితో, పక్కింటివారితో మాట్లాడే ఓపిక పెరిగిందా, తరిగిందా?

ఎన్నికలు వచ్చిపోతాయి. కాని ఆ రోజుల్లో తెగిన మాటలు కొన్ని ఇళ్లలో ఏళ్ల తరబడి అతకవు. ఒకే పూజలో దివ్యసత్ప్రసాదం స్వీకరించి, బయటికి వచ్చి ముఖాలు తిప్పుకునేవారూ ఉన్నారు. ఈ ఆదివారం పూజ ముగిశాక, మీరు మాట్లాడటం మానేసిన ఒక్కరినైనా ఇంటికి పిలిచి కాఫీ ఇవ్వండి. రాజకీయాలు మాట్లాడకండని నేను చెప్పను. మాట్లాడండి. వాదించండి. కాఫీ చల్లారకముందే వారి పిల్లల క్షేమం కూడా అడగండి.