హామాను కోపము

ఎస్తేరు గ్రంథము 5వ అధ్యాయములోని హామానునకు ఏమి కొదువ? ధనము కలదు, పదిమంది కుమారులు కలరు. 127 సంస్థానముల నేలు రాజు అతనిని అధిపతులందరికి పైగా నుంచెను. రాణి విందునకు రాజుతోకూడ పిలువబడినవాడు అతడొక్కడే. ఆ విందునుండి సంతోషముతో బయలుదేరెను. గుమ్మమునొద్ద మొర్దెకై లేచి నిలువలేదు. అంతే, అతని హృదయము మండిపోయెను.

కోపము వేరు, దిగులు వేరు అని మనము తలంతుము. ఇక్కడ రెండును ఒక్క వేరునుండియే పుట్టినవి. దారిలో కోపము నణచుకొని ఇల్లు చేరిన హామాను, భార్యను స్నేహితులను పిలిపించి తన ఐశ్వర్యమంతయు లెక్కించి చెప్పుకొనెను. ఒక్కడు లేవనందున అదేమియు తనకు రుచింపలేదని ముగించెను. అతని ఆనందము అతని యింటిలో లేదు, మొర్దెకై మోకాళ్లలో నున్నది.

తన నీడనే ప్రేమించిన నార్సిసస్ అను గ్రీకు కథలోని యువకుని పేరు ఇట్టి స్వభావమునకు పండితులు పెట్టిరి. ఇట్టివారి కోపము పగతీరువరకు విడువనిదని 1972లో హైంజ్ కోహుట్ అను వైద్యుడు వ్రాసెను. 1998లో బుష్‌మన్, బౌమైస్టర్ అను అమెరికా పండితులు 540 మంది విద్యార్థులను పరీక్షించిరి. కొందరి వ్యాసములను తప్పుపట్టించి, ఆ తప్పుపట్టినవానికి పెద్ద చప్పుడు వినిపించి బాధించు అవకాశమిచ్చిరి. మిక్కిలి బాధించినవారు ఆత్మాభిమానము గలవారు కారు, తమ్మును తామే అందరికంటె గొప్పగా ఎంచుకొనువారు.

అయితే బావియొద్ద నీళ్లు ముట్టనీయనందుకు కలుగు కోపమును ఈ లెక్కలో వేయరాదు. అది గర్వము కాదు, న్యాయము.

నయమానును గర్విష్ఠియే. ఎలీషా బయటికి రాక కబురు మాత్రము పంపినందున మండిపడి వెళ్లిపోవుచుండెను. అతని కోపమునకును హామాను కోపమునకును మాకంతగా భేదము కనబడదు. భేదము చుట్టునున్నవారిలో నున్నది. నయమాను దాసులు అతనిని తండ్రీ అని పిలిచి, ఇంత సులువైన మాట వినుటకేమని నెమ్మదిగా అడిగిరి. అతడు యొర్దానులోనికి దిగెను. హామాను భార్యయైన జెరెషును స్నేహితులును 50 మూరల ఉరికొయ్య చేయించుమనిరి. అది అతనికి నచ్చెను.

కోతపండుగనాడు చదివిన కానుకల పట్టీలో తన పేరు తప్పిపోయెనని అలిగి, మూడు ఆదివారములు గుడికి రానివాడు ఏ సంఘములోనైనను ఉండును. పొగడి బుజ్జగించినయెడల వచ్చును, మరుసటి పండుగకు మరల అలుగును. అతని యింటికి ఆ దాసులవలె మర్యాదతో పోయి అసలు సంగతి అడుగువారు అరుదు. నీయంతవానిని మరచిరా యని జెరెషువలె ఎగదోయుటకు పోవువారే మనలో ఎక్కువ.